తాళం లేని ఫోను

గుమ్మంలో అడ్డంగా నిలబడిన సుభాషిణిని పక్కకు నెట్టి బయటికి పోవడం నరేంద్రబాబుకు పెద్ద పనేం కాదు. సముద్రంలో వలలు లాగే చేతులవి. అయినా వాకిట్లో స్టార్టు చేసి పెట్టిన బండి గుడగుడమంటూనే ఉంది, అతను మాత్రం గడప దాటలేకపోతున్నాడు. చెల్లెలు ఇట్లా ఎదురు నిలబడటం అతను ఎన్నడూ చూసి ఎరగడు.

సంగతి ఇంతదాకా ముదరడానికి ఒక్క రోజు చాలింది. నిన్న పెరట్లో సుభాషిణి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతుంటే వదిన చిట్టి చెవిన నాలుగు ముక్కలు పడ్డాయి. "మనసంతా అటే లాగింది. అయినా పోలేదు. గట్టిగా నిలబడ్డా." ఆ నాలుగు ముక్కల్లోంచి చిట్టి ఒక మగవాణ్ణి పుట్టించి మొగుడికి అప్పగించింది. రొయ్యపిల్లల హ్యాచరీ ల్యాబులో సుభాషిణి పక్క బల్ల దగ్గర పనిచేసే హరినాథ్ బోగోలు రైతుల పిల్లవాడు. వాన పడితే ఆమెను బండి మీద ఊరి మలుపు దాకా దింపుతాడు. ఇంకేం కావాలి? రేపు మనుబోలు నుంచి ప్రసాద్ వాళ్ళు తాంబూలాలు పుచ్చుకోవడానికి వస్తున్నారు. ఆ లోపలే హరినాథ్ కాళ్ళు విరగ్గొట్టి రావాలని నరేంద్రబాబు తన పడవలో పనిచేసే ఇద్దరిని హ్యాచరీ గేటు దగ్గరికి పంపాడు. తాను తెడ్డు కర్ర చేతబట్టుకుని బయలుదేరబోతుండగా చెల్లెలు అడ్డం వచ్చింది.

"జరుగుమే," అన్నాడు.

"జరగను. ఆ పిలగాడి మీద చెయ్యి పడిందంటే నేనే పోలీస్ స్టేషన్‌కి పోతా."

"చూసినావా అమ్మా? వాడి మీద ఈగ వాలనియ్యదంట!"

తల్లి పేరమ్మ కావలి మార్కెట్లో చేపలమ్ముకుని అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఖాళీ గంప ఇంకా నెత్తి మీదే ఉంది. కొడుకు చేతిలో కర్ర, కూతురి కళ్ళలో ఆ మొండితనం చూసి గంప దించడం కూడా మరిచిపోయింది.

"వాడికీ నాకూ ఏమీ లేదన్నా. నేను మాట్లాడింది కావలిలో ఉండే ఫేబీ మేడంతో. ఆమె కౌన్సెలింగ్ చేస్తుంది. నేను ఆమె కాడికి పోతుండా."

"కౌన్సెలింగా? నీకేం రోగం?"

నిద్ర పట్టడం లేదని చెప్పొచ్చు. పెళ్లంటే బెదురుగా ఉందని చెప్పొచ్చు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం, నీ నోటి నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదని ఫేబీ మొదటి రోజే అన్నది. కానీ చిన్న అబద్ధాలతో అన్న నమ్మడు. నమ్మకపోతే ఏ పాపమూ ఎరగని హరినాథ్ ఆస్పత్రిలో పడతాడు. ఆమె అన్న మొహంలోకి సూటిగా చూసింది.

"నేను ఫోనులో బూతు వీడియోలు చూసేదాన్ని. మానుకోవాలనుకున్నా మానుకోలేకపోయినా. అందుకని పోయినా."

చిట్టి గబగబా వాకిట్లోకి పోయి బండి ఆపింది. సరిగ్గా వినబడాలని. తీరా ఆ చప్పుడు ఆగేసరికి పక్కింటి వాళ్ళకు కూడా వినబడుతుందేమోనని అందరూ గొంతు తగ్గించారు, సుభాషిణి తప్ప.

"ఎవుడు చూపిచ్చినాడు?" నరేంద్రబాబు పళ్ళ బిగువున అడిగాడు.

"ఎవుడూ చూపించలా. నేనే చూసినా."

"ఆడపిల్లలు చూడరు."

"నేను చూసినా. నేనూ ఆడపిల్లనే గదా."

కరోనా నాటి లాక్‌డౌన్‌లో హ్యాచరీ క్వార్టర్స్‌లో ఒంటరిగా చిక్కుకుపోయినప్పుడు మొదలైందని చెప్పింది. మొదట్లో పొద్దు పోవడానికి చూసింది. తర్వాత పొద్దంతా అదే మింగేసింది. ఇక చూడనని ఒట్టు పెట్టుకునేది, ఆ ఒట్టు తడి ఆరకముందే మళ్ళీ చూసేది. మైక్రోస్కోపు కింద రొయ్యపిల్లలను చూస్తుంటే కళ్ళు మూతలు పడేవి. ఒక తొట్టిలో పిల్లలకు తెగులు పుడితే ఆనవాలు కట్టలేకపోయింది. తొట్టి మొత్తం పోయింది. ఓనరు తిట్టలేదు, ఒంట్లో బాగాలేదేమో సెలవు పెట్టుకోమన్నాడు. ఆ మంచి మాట తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆ వారమే కావలి బస్సెక్కింది.

"నాయన సారాయి మానలేక చచ్చిపోయినాడే, ఇదీ అట్టాంటిదేనన్నా. నాయనకు దారి చూపించేవాళ్ళు లేరు. నాకూ ఎవురూ చూపించలా. నేనే ఎతుక్కున్నా."

తండ్రి ముత్యాలయ్య పేరు ఆ ఇంట్లో అంత తేలికగా ఎవరూ ఎత్తరు. నరేంద్రబాబు కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కట్టుకథ. వాణ్ణి కాపాడేదానికి అల్లినావు. చదువుకున్నావు గదా, బాగా అల్లినావు."

"వదినా, నా టచ్ ఫోను నీకెందుకిచ్చేసినా?"

ఊహించని ప్రశ్న తన మీదికి రావడంతో చిట్టి తడబడింది. "కళ్ళు మంటలంటివి."

"కళ్ళు మంటలు కాదు. అది నా చేతిలో ఉంటే నేను నిలవలేను. అందుకే ఈ బటన్ల ఫోను కొనుక్కున్నా. అమ్మా, లోపల ఫ్యానుండగా వరండాలో దోమల్లో నీ పక్కన ఎందుకు పడుకుంటుండా?"

"పెండ్లయితే ఎల్లిపోతావు గదా," అన్నది పేరమ్మ మెల్లగా. "నా మీద బెంగనుకున్నా."

"అదీ ఉండాదమ్మా. కానీ మూసిన తలుపు లోపల ఒక్కదాన్నే పడుకోకూడదని నియమం పెట్టుకున్నా. సెలవు రోజుల్లో ఒడ్డున ఎండుచేపలు తిరగేసే వాళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంటానే, అదీ పనిలేక కాదు. మనుషుల్లో ఉంటే ఆ లాగుడు తగ్గుతుందని."

పేరమ్మ గంప దించి గోడవార పెట్టింది. ఆమె మొహంలో ఒక్కొక్క రోజూ వెనక్కి తిరిగి వస్తున్నట్టుంది. కూతురు చేతిలో ఫోను లేకుండానే స్నానానికి పోవడం, ఆకలి వేయకపోయినా వేళకు పళ్ళెం ముందు కూర్చోవడం, ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి వీధి కుళాయి దగ్గరికి పోయి మొహం తడుపుకుని రావడం. పెళ్లికళ అని మురిసిపోయిందంతా ఇదా! తల్లి మొహం చూసిన తర్వాత నరేంద్రబాబు కూడా నమ్మాడు. జేబులోంచి ఫోను తీసి గేటు దగ్గరున్న వాళ్ళకు చేశాడు.

"రే, మీరు వచ్చేయండి. ఆ పిలగాణ్ణేం అనబాకండి. చెప్తాలే, వచ్చేయండి."

సుభాషిణి గుమ్మం కొయ్యను పట్టుకుని నిలదొక్కుకుంది. అన్న కోపం పోలేదని, చోటు మారిందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"దీనికన్నా వాడితో పొయ్యుంటే మేలు గదమ్మే!" అన్నాడతను. "వాణ్ణి కొట్టేవాణ్ణి, కోపం తీరేది. నలుగుర్లో చెప్పుకునేవాణ్ణి. దీన్ని యాడ చెప్పుకునేది?"

"నువ్వెందుకు చెప్పుకునేది? ఇది నాది. తప్పు చేసింది నేను, మందు ఎతుక్కుంది నేను. ఇందులో నీ పరువెక్కడుండాది?"

"నోర్ముయ్!"

"మూసుకునే ఇన్నాళ్ళు బతికినా. నోరు మూసుకున్నన్నాళ్ళూ అది పెరిగిందే గానీ తగ్గలా."

"ఇప్పుడు మానేసినావా?" పేరమ్మ అడిగింది. ఆ అడగడంలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

"మానేసినా. మధ్యలో జారినా కూడా. మళ్ళీ లేచినా. రావడం అయితే అది వస్తూనే ఉండాదమ్మా. వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నేర్చుకుంటుండా."

"ఏం చేస్తావు? మంత్రమేస్తావా?" నరేంద్రబాబు ఎకసెక్కంగా అన్నాడు.

"ఆగుతా. కాసేపు ఊరికే ఆగుతా. దాంతో కలబడను, దాని వెంట పోను. వచ్చిందని నాకు నేనే చెప్పుకుంటా. ఆకలేసిందా, అలిసిపోయినానా, ఎవురిమీదన్నా మండిపోతుండానా అని చూసుకుంటా. ఉన్న చోటు నించి లేస్తా. మేడంకు చేస్తా. అది ఎంత పైకి లేచినా కాసేపటికి దానంతటదే దిగిపోద్ది."

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే చూపించు!"

ఏం జరుగుతుందో తెలిసేలోపే చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తోశాడు. ఆమె చేతిలోని బటన్ల ఫోను లాక్కున్నాడు. తన పెద్ద ఫోను మంచం మీదికి విసిరాడు. "దానికి తాళం గీళం ఏముండదు. ఆ మేడం లేకుండా, మనుషులు లేకుండా ఎట్టా నిలబడతావో చూస్తా. పొద్దుగూకినాక తలుపు తీసి అందులో చూస్తా. నువ్వేం చూసినావో మొత్తం తెలిసిపోద్ది. చూసుంటే రేపు తాంబూలాలూ లేవు, ఎల్లుండి ఉజ్జోగమూ లేదు. ఈ గడప దాటవు."

తలుపు దడేల్మని మూసుకుంది. బయట తాళం పడింది.

అవి సునామీ తర్వాత కట్టించిన ఇళ్ళు. గదికి ఒకటే కిటికీ, అదీ పెరటి గోడ వైపు. మూలన పాత వలలు, ఇనప పెట్టె, బియ్యం బస్తా. ఎండుచేపల వాసన. మంచం మీద ఫోను తెర ఇంకా వెలుగుతూనే ఉంది.

సుభాషిణి మొదట తలుపు బాదింది. అరిచింది. అరచేతులు మండిపోయాక ఆగింది. ఆగిన మరుక్షణమే ఆ లాగుడు వచ్చింది.

చెబితే ఎవరైనా నవ్వుతారేమో, కానీ ఆ సమయంలో ఆమెకు కలిగింది కోరిక కాదు. ఏమీ తెలియకుండా పోవాలని ఉంది. అన్న మాట, అమ్మ చూపు, రేపటి తాంబూలాలు అన్నీ చెరిగిపోయేచోటికి పోవాలని ఉంది. ఆ చోటికి దారి రెండు మూరల దూరంలో దుప్పటి మీద వెలుగుతున్నది. పోనీ, ఎట్లాగూ అందరికీ తెలిసిపోయింది గదా, ఇంక కాపాడుకోవాల్సిందేముంది అని తన గొంతుతోనే ఎవరో లోపల అంటున్నారు. చూసింది చెరిపేయడం కూడా నీకు వచ్చు గదా అంటున్నారు.

పళ్ళు బిగించింది. చూడను చూడను అనుకుంది. అన్నకొద్దీ ఇంకా ఎక్కువైంది. అరచేతులకు చెమట పట్టింది, గుండె చెవుల్లో కొట్టుకుంటున్నది. ఫేబీ మేడం నంబరు నోటికి వచ్చు. కానీ ఆ నంబరు కొట్టాలంటే ఆ ఫోను చేతిలోకి తీసుకోవాలి. చేతిలోకి తీసుకున్నాక ఏ నంబరు కొడుతుందో ఆమెకే నమ్మకం లేదు.

"వచ్చింది," అన్నది పైకే. "ఇది వచ్చింది. కోపంలో వచ్చింది. ఒంటరిగా పెట్టినందుకు వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలా, అందుకూ వచ్చింది."

పేరు పెట్టి పిలిస్తే అది పోలేదు గానీ కాస్త దూరం జరిగింది. దుప్పటి కొసలు నాలుగూ పట్టుకుని ఫోనును మూటగా చుట్టి, దాని మొహం చూడకుండానే తీసుకుపోయి ఇనప పెట్టె మీద పెట్టింది. ఎదురు మూలకు వచ్చి చల్లటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మంచం కింద సీసాలో మిగిలిన నీళ్ళు మెడ మీద పోసుకుంది. ఊపిరి మెల్లగా వదిలింది. పెట్టె మీద ఆ మూట పిలుస్తూనే ఉంది. ఆమె లేచింది, ఒక అడుగు వేసింది, నిలబడిపోయింది.

తలుపు అవతల గాజుల చప్పుడైంది.

"సుభా... ఏం చేస్తుండావు?"

"నిలబడుండా."

"చూస్తుండావా?" పేరమ్మ గొంతు అణిగిపోయి ఉంది.

"లేదమ్మా. చూడాలని మాత్రం ఉండాది."

గాజుల చప్పుడు తలుపుకు దూరం జరిగింది. వెళ్ళిపోతున్నదేమో అనుకుంది సుభాషిణి. గబగబా తలుపు దగ్గరికి వచ్చి చెక్కకు వీపు ఆనించి కూర్చుంది.

"అమ్మా, పోబాక. నాతో మాట్లాడు."

"ఏం మాట్లాడేది? నాకు నోరు రావడంలా. నా కడుపున పుట్టి ఇట్టాంటి పని..."

"అది రేపు తిట్టు. రేపంతా తిట్టు, వింటా. ఇప్పుడు తిట్టబాక, ఓదార్చబాక. మార్కెట్లో ఏమైందో చెప్పు."

"మార్కెట్లోనా? నీకేమన్నా పిచ్చా?"

"చెప్పమ్మా. నీ గొంతు వినపడతా ఉంటే చాలు."

పేరమ్మ ఏమనుకుందో ఏమో, ఆమె కూడా తలుపుకు ఆనుకుని కూర్చున్న బరువు ఇవతలికి తెలిసింది. "ఏముండాది? వంజరం చేప దొరకలా. కానాగంతలే తీసుకపోయినా. పొద్దుటే ఒకామె వచ్చింది, మెళ్ళో ఇంత లావు గొలుసు. ఒక్కొక్క చేప మొప్పలెత్తి చూసింది. గంపంతా తిరగేసింది. కడకు ఏమన్నదో తెలుసా? మా ఇంట్లో ఈ రోజు శనివారం, తినం అన్నది!"

"మరి ఎందుకు చూసినట్టు?"

"అదే నేనడిగినా! ఊరికే చూసినానన్నది. ఊరికే చూసేదానికి ఇదేమన్నా తిరునాళ్ళా? అట్టా కాదు, వచ్చేటప్పుడు ఆ కండక్టరు సచ్చినోడు..." పేరమ్మ గొంతు పెరిగింది. గంపను ఫుట్‌బోర్డు మీద పెట్టించాడట. నీసు వాసన అన్నాడట. "నీ ఇంట్లో పులుసు కాచిన రోజు నీ పెండ్లామూ అట్టానే వాసనొస్తాదిరా అన్నా. బస్సంతా నవ్వినారు. వాడు టికెట్టు ఇచ్చేది మర్చిపోయినాడు!"

సుభాషిణి నవ్వింది. ఆ నవ్వు బయటికి వచ్చాకగానీ ఆమెకు తెలియలేదు, గుండె చెవుల్లో కొట్టుకోవడం ఆగిపోయిందని. పెట్టె మీది మూట వైపు చూసింది. మూట మూటలాగే ఉంది. చేతులు చల్లబడ్డాయి. నీరసంగా ఉంది, ఆకలిగా ఉంది, మెడ మీది నీళ్ళకు జాకెట్టు తడిసి వెన్నుకు అతుక్కుంది.

"పోయిందమ్మా," అన్నది.

"ఏంది?"

"అదే. పోయింది. మళ్ళీ వస్తాది. ఇప్పటికి పోయింది."

పేరమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. "అన్నం పెడదామంటే తాళం వాడి దగ్గరుండాది," అన్నది కాసేపటికి.

అప్పుడు మోగింది ఫోను, పెట్టె మీద, దుప్పటి మూటలో. సుభాషిణి లేచి మూట విప్పింది. తెర మీద 'ప్రసాద్ మనుబోలు' అని పేరు కనబడుతున్నది.

వాకిట్లో ఉన్న నరేంద్రబాబు ఆ రింగ్‌టోను విని పరుగెత్తుకొచ్చాడు. "ఎత్తబాక! మే, ఎత్తినావంటే చంపేస్తా! అమ్మా, లెయ్యి, తాళం తియ్యాల."

పేరమ్మ తలుపుకు ఆనుకుని కూర్చునే ఉంది. "నా మోకాళ్ళు నొప్పి. కాసేపాగు," అన్నది.

సుభాషిణి ఫోను చేతిలోకి తీసుకుంది. ఇందాక ఏ చేతిని నమ్మలేకపోయిందో ఆ చేత్తోనే పచ్చ గుర్తును పక్కకు జరిపింది.

"నరేంద్రా," ఆడగొంతు పలికింది. "నేను ప్రసాద్ వాళ్ళమ్మను, ఆదిశేషమ్మను."

"అన్న కాదత్తా. నేను సుభాషిణిని. మంచి పని చేసినారు, మీకే చెప్పాలనుకుంటుండా. రేపు మీరు బయలుదేరకముందే ఒక సంగతి తెలియాల."

"ఆ హ్యాచరీ పిలగాడి సంగతేనా తల్లీ? పొద్దుటే మీ ఊరి నుంచి ఎవురో ఆడమనిషి ఫోను చేసి చెప్పింది. పేరు చెప్పలా. రేపు రావడం లేదని చెప్పేదానికే నేను చేసినా."

సుభాషిణి తలుపు వైపు చూసింది. బయట అన్న అరుస్తున్నాడు, అమ్మ మోకాళ్ళ సంగతే మళ్ళీ మళ్ళీ చెబుతున్నది. చిట్టి గొంతు మాత్రం ఎక్కడా వినబడడం లేదు.

"ఆ పిలగాడికీ నాకూ ఏ సంబంధమూ లేదత్తా. అది అబద్ధం. నిజం ఇంకొకటి ఉండాది. అది విన్నా మీరు రాకపోవచ్చు. కానీ రాకపోతే నిజం విని రాకుండా ఉండండి, అబద్ధం విని కాదు."

అవతల ఎవరితోనో గుసగుస. ఏదో నొక్కిన చప్పుడు.

"ప్రసాద్ పక్కనే ఉండాడు," అన్నది ఆదిశేషమ్మ. "స్పీకర్లో పెట్టినా. చెప్పు."

బయట పేరమ్మ లేచినట్టుంది. తాళం చెవి తిరుగుతున్న చప్పుడు వినబడింది. సుభాషిణి వెనక్కి జరగలేదు. తెరుచుకుంటున్న తలుపుకు ఎదురుగా నిలబడి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అయితే ఇద్దరూ వినండి."